ఎదురుగా ఎవరు?

అరుణగిరిలో తలుపు తెరుచుకోకపోతే ఎవరూ కేకలు పెట్టరు. పక్కనున్న ప్రశ్న గుర్తు మీట నొక్కుతారు. ఆ తలుపుకు, ఆ క్షణానికి సంబంధించిన సహాయపత్రం గోడమీద వెలుగుతుంది. కుజగ్రహం మీద గాలి, నీరు, వెలుతురు అన్నీ సాఫ్ట్‌వేర్ చేతిలోనే ఉన్నాయి కాబట్టి, 2093 నాటికి ఆ ఊళ్లో ఇలాంటి సహాయపత్రాలు, అంటే హెల్ప్ ఫైళ్లు, మూడువేలున్నాయి. వాటిలో సగానికి పైగా హైమవతి చేత్తో రాసినవే.

ఆమె వాటిని రాసే ఎడిటర్ ప్రోగ్రాం పేరు పలక. వట్టి పలకే. పేజీ ఎలా కనబడాలో చెప్పే హెచ్‌టీఎంఎల్ ట్యాగులు ఒక్కొక్కటీ తనే కొట్టుకోవాలి. ఒక్క ట్యాగు మూయడం మరిచిపోతే పేజీ మొత్తం లావు అక్షరాలై కూర్చుంటుంది. ఇరవై రెండేళ్లలో హైమవతి అలా మరిచిపోయింది రెండేసార్లు. ఆ మాట ఎవరూ అడక్కపోయినా చెబుతుంది.

అలాంటి హైమవతికి ఈమధ్య అన్నం సయించడం లేదు. కారణం తన్మయి. మూడేళ్ల కిందట ఆ పిల్ల పనిలోకి వచ్చినప్పుడు ట్యాగు తెరవడం, మూయడం పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది తనే. ఇప్పుడు ఆ పిల్ల సొంతంగా ఒక ఎడిటర్ కనిపెట్టింది. ఊరంతా దాని గురించే మాట్లాడుతోంది. క్యాంటీన్ వరసలో జనం తన్మయికి దారి ఇవ్వడం, ఆమె సిగ్గుపడుతూ నవ్వడం చూసినప్పుడల్లా హైమవతికి కడుపు రగిలిపోయేది.

ఆ ఎడిటర్ పేరు పాఠకదర్శిని. సంగతి ఏమిటంటే, ఏది రాసేవాళ్లయినా మనసులో ఎవరో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకునే రాస్తారు. నుదుటికి కట్టుకునే పట్టీ మెదడు తరంగాలను చదివి, ఆ మనిషి బొమ్మను తెర మూలన గీస్తుంది. ట్యాగులు, లింకులు, విషయసూచిక అన్నీ అదే చూసుకుంటుంది. రాసేవాళ్లు చేయాల్సింది ఒక్కటే. మూలన ఉన్న బొమ్మ, తలుపు ముందు కంగారుపడుతున్న మామూలు మనిషిదేనా అని చూసుకోవాలి.

"అంటే ఇన్నాళ్లూ మేం గుడ్డిగా రాశామన్నమాట" అంది హైమవతి, మొదటిసారి విన్నప్పుడు.

"అయ్యో, అలా కాదు మేడమ్" అంది తన్మయి. ఆ నమ్రతే హైమవతికి మరీ ఒళ్లుమంట.

రెండు ఎడిటర్లుంటే ఫైళ్లు కలగాపులగం అవుతున్నాయని, ఇకమీదట ఒక్కటే ఉండాలని పాలకమండలి నిర్ణయించింది. పలక పోతే హైమవతి మళ్లీ అక్షరాభ్యాసం చేసుకోవాలి, అదీ తన శిష్యురాలి దగ్గర.

ఏది ఉండాలో తేల్చే పరీక్ష రోజు వచ్చింది. అత్యవసర ద్వారం తెరవడం గురించి ఇద్దరూ చెరొక పేజీ రాయాలి. ఆ పేజీలను, ఊరి ఆనవాయితీ ప్రకారం, కొత్తచెయ్యికి ఇస్తారు. భూమి నుంచి ఆ నెలలో దిగిన మనిషిని కొత్తచెయ్యి అంటారు. ఆ మనిషి పేజీలో రాసింది తప్ప ఇంకేమీ చేయకూడదు. ఈసారి ఆ వంతు వంటమనిషి నూకరత్నానిది.

ఇద్దరికీ పట్టీలు కట్టారు. హైమవతి పలకలోనే రాసింది గానీ, బొమ్మను మాత్రం పక్కన నమోదు చేస్తామన్నారు. చేసుకోండి, నాకేం భయం అనుకుని ఆమె అరగంటలో పేజీ ముగించింది. అందులో పదకొండు లింకులు, రెండు పట్టికలు. తన్మయి చచ్చినా ఇలా రాయలేదు అనుకుంటూ చివరి ట్యాగు మూసింది.

నూకరత్నం నమూనా తలుపు ముందు నిలబడి హైమవతి పేజీ చూసింది.

"ఎర్ర మీట కిందకి లాగమన్నారు. మీట ఏదండి? ఇక్కడ తెల్ల మూత తప్ప ఏటీ నేదు."

హైమవతి ముఖం పాలిపోయింది. మూత తెరవమని రాయలేదు. అది అందరికీ తెలిసిందేగా!

తన్మయి పేజీ పెట్టారు. నూకరత్నం దాన్నీ చదివి, నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఈ యమ్మ కూడా మీటే లాగమంటంది. మీ ఇద్దరికీ మూత మీద కోపమేటి?"

గదిలో నవ్వులు లేచాయి. పాలకమండలి అధ్యక్షుడు విశ్వంభరం నవ్వలేదు. "బొమ్మలు చూపించండి" అన్నాడు.

గోడమీద హైమవతి మనసులోని బొమ్మ వచ్చింది. అది తన్మయిది. మూతి వంకర, ముక్కు పైకి, అసలు మనిషిలో లేని పొగరంతా దానిలో ఉంది. పక్కనే తన్మయి మనసులోని బొమ్మ వెలిగింది. అది హైమవతిది. నిజం మనిషికన్నా రెండడుగులు ఎత్తుగా, కళ్లెర్రజేసి చూస్తోంది. ఇద్దరూ ఆ తలుపు సంగతి ముందే తెలిసిన మనిషి కోసమే రాశారు. ఇక మూత సంగతి ఎవరికి చెప్పాలి?

హైమవతికి నేలలోకి కుంగిపోవాలనిపించింది.

"ఎడిటర్ చూపిస్తూనే ఉంది సార్" అంది తన్మయి తల దించుకుని. "మేడమ్ మెచ్చాలి, మేడమ్‌ను మించిపోవాలి అనుకుంటూ నేనే పట్టించుకోలేదు."

విశ్వంభరం గడ్డం నిమురుకున్నాడు. "అయితే లోపం మనుషులదే, యంత్రానిది కాదు. ఆమోదిద్దాం. తీర్మానం ఇందులోనే రాస్తాను, తెండి." పట్టీ కట్టుకుని గంభీరంగా మొదలుపెట్టాడు. "అరుణగిరి కార్మికుల క్షేమం కోసం..."

గోడమీద కార్మికులెవరూ రాలేదు. పక్క ఊరు నీలకొండ అధ్యక్షుడు చక్రధరం పళ్లికిలిస్తూ ప్రత్యక్షమయ్యాడు.

విశ్వంభరం పట్టీ లాగిపారేశాడు. "ఇందులో ఇంకా చాలా లోపాలున్నాయి. మీలో ఎవరైనా పెట్టుకుని చూస్తారా?"

సభ్యులెవరూ చెయ్యి చాపలేదు. పలకే కొనసాగాలని క్షణంలో ఏకగ్రీవమైపోయింది.

గెలిచాను! హైమవతికి ఇందాకటి సిగ్గంతా ఎగిరిపోయింది. తన్మయి ముఖం ఎలా మాడిపోయిందో చూడాలని ఆత్రంగా తిరిగింది. ఆ పిల్ల నిదానంగా పట్టీ చుట్టి డబ్బాలో పెడుతోంది.

"అలాగే సార్. నీలకొండ వాళ్లు అడుగుతున్నారు. వాళ్లకిచ్చేస్తాను."

విశ్వంభరం లేవబోయి కూర్చున్నాడు. "ఎవరికి?"

"చక్రధరం గారికండి."

"వాడికా! మన ఊళ్లో పుట్టిన యంత్రం వాడికా? ఆ తీర్మానం కొట్టేయండి. ఇవాళ్టి నుంచే పాఠకదర్శిని అమలు. పలక తీసేయండి."

అయిదు నిమిషాల్లో వాళ్లిద్దరూ తప్ప గది ఖాళీ అయింది. ఇరవై రెండేళ్ల పలక పోయింది. హైమవతి కుర్చీలోంచి లేవలేదు. రేపటి నుంచి ఈ పిల్ల పక్కన కూర్చుని నేర్చుకోవాలి. తన్మయిని అడిగింది.

"నీలకొండ వాళ్లు నిజంగా అడిగారా?"

తన్మయి తలుపు దాకా వెళ్లి ఆగింది.

"లేదు మేడమ్. సార్ ఎవరి కోసం రాస్తారో గోడమీద చూశాం కదా. ఆయన మనసులో ఉన్న మనిషి పేరే చెప్పాను."

హైమవతి కూడా అదే గదిలో కూర్చుంది, అదే బొమ్మ చూసింది. ఆ ఉపాయం తనకెందుకు తట్టలేదా అని ఆమెకు మళ్లీ కడుపు రగిలిపోయింది.