అరవై దినుసుల లేహ్యం

ఉదయం ఏడింటికే పద్మిని సంచి సర్దేసుకుంది. రెండు జతల బట్టలు, కొత్త పాస్‌పోర్ట్, మందుల డబ్బా. మూడింటికి హాలిఫాక్స్ ఫ్లైట్.

"ఈ ఒక్కరోజు ఆగు," అంది ఏజెంట్ వాసవి.

"నిన్నా ఇదే అన్నావు తల్లీ." పద్మిని నవ్వింది. ఆ నవ్వుకి పడిపోయే విదేశీ ముఠా ఆమెను తమ మనిషనుకుంది. రెండేళ్లుగా వాళ్ల రహస్యాలు ఆమె వాసవికి చేరవేస్తోంది. క్షేమంగా బయటపడేస్తానని మాటిచ్చింది వాసవే. రోజుకో సాకుతో ఆపుతున్నదీ వాసవే.

అసైన్‌మెంట్ సూటిగానే ఉంది. కెనడాలోని మిస్సిసాగాలో జరిగే ఫార్మా కాన్ఫరెన్స్‌లో, ప్లేగు టీకా తయారుచేసిన కోదండరామ్ గారిని ముఠా చంపబోతోంది. ఎలాగో పద్మినికీ తెలియదు; వేదిక మీద లేహ్యం నూరే పని మాత్రం ఆమెకే అప్పగించారు. ముఠా నాయకుడి ముఖం ఎవరూ చూడలేదు.

"కోడ్ వర్డ్?" అడిగింది పద్మిని.

"'తేనె చాలదు' అని అరుస్తాను. వెంటనే లేహ్యం జాడీ పడేసెయ్."

"అరువు మరి. అసలే నీకు టైముకి నోరు పెగలదు."

వేదిక మీద ఐదొందల ఏళ్ల నాటి ఇటలీ మందుల అంగడి వెలిసింది. ఆ రోజుల్లో ప్లేగుకీ పాము కాటుకీ ఒకటే మందు, థెరియాక్ అనే లేహ్యం. పాము మాంసం, నల్లమందు, దాల్చినచెక్క, తేనె, ఇలా అరవై పైచిలుకు దినుసులు. కల్తీ జరగకుండా వెనిస్‌లో వైద్యులూ అధికారులూ చూస్తుండగా నలుగురిలో నూరేవారు. పాము, నల్లమందు లేకుండా ఇక్కడా అదే ప్రదర్శన. నూరినవాళ్లే ముందు రుచి చూడాలి. తర్వాత ముఖ్య అతిథి కోదండరామ్ గారు, ఆపైన చెంచాలు పట్టుకుని కూర్చున్న సభికులు.

పట్టు గౌనులో పద్మిని నూరడం ముగించింది. వాసవి కళ్లద్దాల్లో స్కానర్ ఎర్రగా వెలిగింది. విషం!

"సార్, ఆపేస్తున్నా."

"ఆగు," ఇయర్‌పీస్‌లో చీఫ్ భరద్వాజ్. "అరిస్తే నాయకుడు జారిపోతాడు. ఎవడో తేలనీ. పది సెకన్లు."

పద్మిని చెంచా పెదవుల దాకా తెచ్చి వాసవి వైపు చూసింది. వాసవి చూపు తిప్పుకుంది. పద్మిని మింగింది.

ముందు వరుసలో ఒక తెల్లగడ్డం పెద్దమనిషి తన ఖాళీ చెంచాను మెల్లగా కుర్చీ కిందికి జార్చాడు.

"తేనె చాలదు!" వాడే నాయకుడని తేలగానే వాసవి అరిచింది.

కోదండరామ్ గారి నోటికి అంగుళం దూరంలో ఉన్న చెంచాను పద్మిని ఒక్క దెబ్బతో ఎగరగొట్టింది. జాడీ భళ్లుమంది. తెల్లగడ్డం గుమ్మం దాటేలోపే గార్డులు పట్టేశారు.

"ఏమ్మా, తేనె తగ్గితే ఇంత గొడవా?" కోదండరామ్ గారు తెల్లబోయారు.

పద్మిని వేదిక మెట్ల మీద ఒరిగింది. "ఎంతసేపే నీకు?" అంది.

ఆ పది సెకన్ల మాట ఎత్తకుండా వాసవి అంబులెన్స్‌కి ఫోన్ కలిపింది.

వెనక బోర్డు మీద 'సకల విషాలకూ విరుగుడు' అని బంగారు అక్షరాలు మెరుస్తూనే ఉన్నాయి. రిపోర్టులో మిషన్ సక్సెస్ అని రాసి వాసవి సంతకం పెట్టింది.

2025 అక్టోబర్ 14, మంగళవారం, మధ్యాహ్నం పన్నెండూ ఇరవైకి అంబులెన్స్ ఎక్కిన పద్మిని తిరిగి రాలేదు.