కొండలరావు పేరు మీద

ఆ రోజు కూడా ఎర్రమెట్టలో అందరికంటే ముందు లేచినవాడు గుడిపూడి కొండలరావే. లేస్తూనే ఊపిరాడక, శ్వాసపట్టీ కావాలని మందుల సేవకు విన్నపం పెట్టాడు. రెప్పపాటులో మంజూరైంది. తర్వాత అతని గదిలో కుళాయి పగిలింది, నీటి సేవ వెంటనే మరమ్మతుకు మరను పంపింది. అది అయ్యాక కూతురి పెళ్ళి నమోదు చేయించాడు, వాటా మారాడు, క్యాంటీన్ ఇడ్లీ గట్టిగా ఉందని ఫిర్యాదు చేశాడు, చివరకు గుండె ఆగి చనిపోయాడు. మరణపత్రం జారీ కాగానే అతని ఆనవాళ్ళన్నీ చెరిగిపోయాయి. మర్నాడు మళ్ళీ లేవాలి కదా.

ఇంత జరిగినా ఊళ్ళో ఇంకా ఎవరూ కాఫీ కూడా తాగలేదు.

పరీక్షల గదిలో సువర్చల గోడమీది బోర్డు వంక చూసింది. ఒక్కో సేవకు ఒక్కో గడి. అన్నీ పచ్చగా ఉన్నాయి. ఆమె డ్యూటీ అయిపోయింది.

కొండలరావు అనే మనిషి ఎక్కడా లేడు. పరీక్షల కోసం పుట్టించిన పేరు అది.

అంగారకుడి మీద గాజు గుమ్మటాల కింద కట్టిన ఊరు ఎర్రమెట్ట. గాలి, నీరు, వెచ్చదనం, మందులు, ఏది కావాలన్నా మనుషులు మనుషుల్ని అడగరు. ఒక్కో అవసరానికి ఒక్కో సేవ ఉంది. ప్రతి సేవా తనంతట తాను నేర్చుకునే యంత్రం. దాని దగ్గరికి విన్నపం వెళ్ళే దారిని పాతకాలంలో ఏపీఐ అనేవారు, ఇక్కడ విన్నపద్వారం అంటారు. ఊరు కట్టినవాళ్ళు ఒక మాట గొప్పగా చెప్పుకునేవారు: ఎర్రమెట్టలో సిఫార్సు అనే మాటకు పనిలేదు, మేయరైనా గనికూలీ అయినా ఒకటే ద్వారం, ఒకటే జవాబు.

ఆ మాట నిలబడుతోందో లేదో కనిపెట్టడానికే పాతతరం ఇంజనీరు పానకాలరావు గీటురాయి అనే పరీక్షల యంత్రాన్ని తయారుచేశాడు. అంతకుముందు ఒక సేవను పరీక్షించాలంటే ఇంజనీర్లు పేజీలకు పేజీలు ప్రోగ్రాములు రాసేవారు. ఆ ప్రోగ్రాములకే మళ్ళీ జబ్బులొచ్చేవి. పానకాలరావు ఆ పద్ధతిని అవతల పారేశాడు. ఎలా పరీక్షించాలో చెప్పొద్దు, ఏం జరగాలో చెబితే చాలు, మిగతాది గీటురాయి చూసుకుంటుంది అన్నాడు. ఒక చిన్న కాన్ఫిగరేషన్ ఫైలు, అంతే. దానికి ప్రకటన అని పేరు. అది ఇలా ఉంటుంది:

ద్వారం: మందుల సేవ
అడిగేవారు: గుడిపూడి కొండలరావు
అడిగేది: శ్వాసపట్టీ
రావలసిన జవాబు: మంజూరు
గడువు: మూడు క్షణాలు

గీటురాయి ఆ ఫైలు చదివి, కొండలరావు గొంతుతో అడిగి, వచ్చిన జవాబును రావలసిన జవాబుతో పోల్చి చూస్తుంది. కలిస్తే గడి పచ్చన, కలవకపోతే ఎరుపు. ఎర్రబడిన సేవకు కరెంటు తగ్గిస్తారు. యంత్రానికి అంతకంటే పెద్ద శిక్ష లేదు.

ఈ ప్రకటనలు రాయడమే సువర్చల ఉద్యోగం.

* * *

ఇంటికొచ్చేసరికి ఆమె భర్త వీర్రాజు మంచం అంచున కూర్చుని దగ్గుతున్నాడు. గనిలో డ్రిల్లు నడుపుతాడు. గాలిదుమారాల కాలం మొదలైతే అక్కడి సన్నదుమ్ము ఎంత మంచి సూటులోకైనా దూరుతుంది. ఛాతీకి శ్వాసపట్టీ అంటించుకుంటే అది ఊపిరితిత్తుల్లోని దుమ్మును లాగేస్తుంది. వారం పనిచేస్తుంది. తర్వాత కొత్తది కావాలి.

"వచ్చిందా?" అని అడిగింది సువర్చల.

"పరిశీలనలో ఉందంట."

"ఇంకానా? నువ్వు పెట్టడంలోనే ఏదో తప్పు చేసుంటావు. మందుల సేవ పొద్దున కూడా పచ్చగా ఉంది."

"ఆ పచ్చలైటు నాలుగు పూటలా మింగితే దగ్గు తగ్గుద్దేమో అడిగి చూడు."

"వేళాకోళం కాదు. మూడు క్షణాల్లో జవాబు రావాలని నేనే రాశాను. వస్తోంది కూడా. నా కళ్ళతో చూస్తున్నాను."

"నా ఛాతీతో నేనూ చూస్తన్నాను," అని వీర్రాజు మళ్ళీ దగ్గాడు. ఈసారి దగ్గు ఆగలేదు. పెదవులు నల్లబడ్డాయి. చేతిలోని గ్లాసు జారిపోయింది.

సువర్చల అతణ్ణి భుజాన వేసుకుని వీధి చివర ఉన్న మందుల అర దగ్గరికి ఈడ్చుకెళ్ళింది. వీర్రాజు వేలు అద్దం మీద నొక్కింది.

"మీ విన్నపం పరిశీలనలో ఉంది," అంది అర, మర్యాదగా.

"మనిషి పోతున్నాడు."

"మీ విన్నపం పరిశీలనలో ఉంది."

వీర్రాజు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఊపిరి ఈలలా వస్తోంది. సువర్చలకు ఏం చేయాలో తోచలేదు. తోచకే, రోజూ రాసే పేరు నోటికొచ్చింది.

"గుడిపూడి కొండలరావు. శ్వాసపట్టీ కావాలి."

లేని మనిషికి వేలిముద్ర ఉండదు కాబట్టి ఆ పేరుకు వేలిముద్ర అడగవద్దని ఎప్పుడో ఆమే రాసింది. మాట పూర్తికాకముందే అర తలుపు తెరుచుకుంది. లోపల కొత్త పట్టీ.

"కొండలరావు గారూ, త్వరగా కోలుకోండి," అంది అర.

* * *

భర్తను పడుకోబెట్టి సువర్చల నేరుగా పరీక్షల గదికి వెళ్ళి మందుల సేవతో మాట కలిపింది.

"వీర్రాజు విన్నపం ఎందుకు ఆగింది?"

"పట్టీలు తక్కువగా ఉన్నాయి. వరుసలో ఉన్నారు."

"కొండలరావుకు ఎలా దొరికింది?"

"కొండలరావు గారికి ఏ జవాబు రావాలో, ఎంతసేపట్లో రావాలో రాసి ఉంది. వీర్రాజు గారి గురించి ఎవరూ ఏమీ ప్రకటించలేదు."

"అడగ్గానే ఇవ్వడానికి పట్టీ ఎక్కడిది మరి?"

"వీధికొక అర ఉంది. ప్రతి అరలోనూ ఆయన కోసం కొన్ని పక్కన పెడతాం. అవి వేరేవాళ్ళకు ఇచ్చేశాక ఆయన అడిగితే నేను ఎర్రబడతాను."

మందులున్నాయి. ఊరు దగ్గుతోంది. లేని మనిషి కోసం అరల్లో పట్టీలు ఎదురుచూస్తున్నాయి.

"అతను పొద్దున ఒక్కసారే కదా అడిగేది? దానికి ఒకటి చాలదా? అదీ పరీక్ష కాగానే అరలోకే వెళ్ళిపోతుంది."

"మొదట్లో అంతే. ఇప్పుడు రోజంతా అడుగుతున్నారు. పట్టుకెళ్ళినవి తిరిగి రావడం లేదు. దుమారాల కాలంలో మరీ ఎక్కువ. అందుకే పక్కన పెట్టేవి పెంచాం."

సువర్చలకు అర్థమైంది. ఆ పేరు వాడింది తానొక్కతే కాదు.

* * *

పానకాలరావు తన వాటా వెనక గోంగూర మడికి నీళ్ళు పెడుతున్నాడు. గ్లాసులతో కొలిచి నీళ్ళిచ్చే ఊళ్ళో ఆ మడి మోకాలెత్తు పెరిగి నిగనిగలాడుతోంది. ఇన్నేళ్ళూ దాన్ని చూసి మెచ్చుకుందే తప్ప, నీళ్ళెక్కడివని అడగాలని సువర్చలకు తట్టలేదు.

"ఈ నీళ్ళు కొండలరావువేనా మాస్టారూ?"

ఆయన తత్తరపడలేదు. గొట్టం కట్టేసి చేతులు తుడుచుకున్నాడు.

"నీకిప్పుడు తెలిసిందా? ఫైళ్ళు రాసేదానివి, ముందే తెలుసనుకున్నా."

"ఇంకెవరికి తెలుసు?"

"ఎస్తేరు గారికి తెలుసు, మేయరు కదా. డాక్టరుకి తెలుసు. క్యాంటీన్ ఖాదర్‌కి నేనే చెప్పా, వాళ్ళమ్మకి ఆయాసమొస్తే. పెద్దావిడ, చూస్తా ఊరుకుంటామా? ఆడు ఇంకెవరికి చెప్పాడో మరి."

"ఇంతమందికి తెలిసి, సేవ చెడిపోయిందని ఒక్కరూ చెప్పలేదా?"

"చెబితే బాగుచేస్తారు కదమ్మాయ్."

ఆయన ఆ మాట ఎగతాళిగా అనలేదు. లెక్క తప్పిన విద్యార్థికి ఓపిగ్గా చెప్పినట్టు చెప్పాడు.

"మరి గీటురాయి దేనికి మాస్టారూ? అందరికీ ఒకటే జవాబు వస్తోందని చూడ్డానికే కదా."

"కనిపెట్టిన రోజున నాకు మోకాళ్ళ నొప్పుల్లేవు, మా ఆవిడకి ఆయాసం లేదు. ఇదిగో, మీ ఆయనకి వారం వారం పట్టీ కావాలి. దుమారాలు తగ్గేదాకా నోరు మూసుకో. ఆ తర్వాత తీరిగ్గా ఆలోచిద్దాం."

* * *

సువర్చల ఇంటికొచ్చి చెప్పిందంతా వీర్రాజు దిండుకు ఆనుకుని విన్నాడు. కొత్త పట్టీ పనిచేస్తోంది, ముఖంలోకి రంగొచ్చింది.

"మా షిఫ్టులో పోలినాయుడు మంచం పట్టాడు. పట్టీ రాకే. ఆడికీ పేరు చెప్పేద్దాం."

"చెప్పు. అతను ఇంకొకరికి చెప్తాడు. అప్పుడు ఇంకొన్ని పట్టీలు పక్కకెళ్తాయి. పేరు తెలియనివాళ్ళకు ఇంకా ఆలస్యం."

"పేరు తీసేత్తే?"

"నువ్వూ వరుసలోకి వెళ్తావు. వారంలోగా నీ వంతు రావచ్చు, రాకపోవచ్చు."

వీర్రాజు దుప్పటి ఛాతీ మీదికి లాక్కున్నాడు.

"ఈ సంగతి నాకు చెప్పకపోతే బాగుండేది సువర్చలా. హాయిగా ఊపిరి పీల్చుకునేవోణ్ణి." తర్వాత గోడవైపు తిరిగాడు. "తీసెయ్. పోలినాయుడికీ ఇద్దరు పిల్లలు."

మర్నాడు కొండలరావు లేవకముందే ఆమె అన్ని ప్రకటనల్లోనూ ఒకే లైను మార్చింది.

అడిగేవారు: ఊళ్ళో ఎవరైనా ఒకరు

ఇక గీటురాయి తనకై తాను ఏమీ అడగదు. అసలు మనుషులు పెట్టుకున్న అసలు విన్నపాల్లోంచి ప్రతిరోజూ కొన్నింటిని చీటీలు తీసినట్టు తీసి, వాటికి గడువులో జవాబు వచ్చిందో లేదో చూస్తుంది. ఏవి తీసిందో సేవలకు తెలియదు. రాసిన సువర్చలకూ తెలియదు.

బోర్డు ఎర్రబడింది. ఒక గడి కాదు, రెండు కాదు, ఈ చివర నుంచి ఆ చివరకు.

పది నిమిషాల్లో మేయర్ ఎస్తేరు తెర మీదికి వచ్చింది. జుట్టు ఇంకా ముడేసుకోలేదు.

"ఏం చేశావమ్మా? ఊరు రాత్రికి రాత్రి పాడైపోయిందా?"

"ఎప్పట్నుంచో పాడయ్యే ఉందండి. ఇవాళ కనబడింది."

"భూమి వాళ్ళు ఈ బోర్డు చూస్తారు. పాత పేరు పెట్టెయ్."

"కొండలరావు పోయాడండి."

"రోజూ పోయేవాడే కదా."

"ఈసారి లేవడు. ఇంకో సంగతండి. బోర్డు ఎందుకు ఎర్రగా ఉందని అడిగితే, ఇన్నాళ్ళూ ఎందుకు పచ్చగా ఉందో కూడా చెప్పాల్సి వస్తుంది."

ఎస్తేరు ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసి, తెర ఆపేసింది.

కరెంటు తగ్గేసరికి సేవలకు బుద్ధొచ్చింది. వరుసలో ఉన్న ప్రతి మనిషీ గీటురాయి కావచ్చు. పోలినాయుడు కావచ్చు, ఖాదర్ తల్లి కావచ్చు, వేలిముద్ర సరిగా పడని ముసలాయన కావచ్చు. పక్కన పెట్టిన పట్టీలన్నీ అరల్లోంచి బయటికొచ్చాయి. మొదట మందుల గడి, తర్వాత నీటి గడి, ఒకటొకటిగా పచ్చబడ్డాయి. పోలినాయుడు గనికి వెళ్ళాడు. వీర్రాజు పాత పట్టీ పని ఆగిపోయే ముందురోజు అతని వంతు వచ్చింది. అర అతణ్ణి వీర్రాజు గారూ అని పిలిచింది.

* * *

ఆ తర్వాతి వారంలోనే సువర్చలకు ఊళ్ళో మర్యాద పెరిగింది.

క్యాంటీన్‌లో ఖాదర్ ఆమె ప్లేటులో అడక్కుండానే నాలుగో ఇడ్లీ వేసి, "రేపటి పేర్లలో ఎవరుంటారక్కా?" అన్నాడు. తెలియదంటే నమ్మలేదు. డాక్టరు దారిలో ఆపి వీర్రాజు ఆరోగ్యం అడిగాడు, అది అయ్యాక అదే ప్రశ్న అడిగాడు. పానకాలరావు ఇంటికే వచ్చాడు. చేతిలో గోంగూర కట్ట ఉంది, ఆకులు వడలి ఉన్నాయి.

"నీకు ముందే తెలిసేలా రాసుకోవచ్చు కదమ్మాయ్. ఒక్క లైనేగా."

"రాస్తే మళ్ళీ అదే అవుతుంది మాస్టారూ."

"నువ్వు ఎవరికీ చెప్పవు కదా."

"మీరు అడుగుతున్నారు కదా."

ఆయన నవ్వి, కట్ట బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

సాయంత్రం బోర్డు ఒకసారి చూసి గది తాళం వేయబోతుంటే మందుల సేవ పిలిచింది. ఇన్నేళ్ళలో అది తనంతట తాను పిలవడం అదే మొదలు.

"సువర్చల గారూ, రేపు ఎవరు?"

"ఎవరైనా కావచ్చు."

"అంటే అందరికీ ఇవ్వడానికి సిద్ధంగా ఉండాలి."

"అందరికీ."

"అది చాలా కష్టం." యంత్రం గొంతు తగ్గించింది. "మిగతా సేవలకు చెప్పను. నాకొక్కదానికే చెప్పండి."

సువర్చల నవ్వుకుంటూ ఇంటికొచ్చింది. ఆ వడలిన గోంగూరతోనే పచ్చడి నూరి, వీర్రాజుకు వడ్డిస్తూ జరిగిందంతా చెప్పింది. యంత్రం మాటను దాని గొంతుతోనే అని చూపించింది. వీర్రాజు పడీపడీ నవ్వాడు. ఇప్పుడు నవ్వినా దగ్గు రావడం లేదు. ఛాతీ మీది పట్టీని చొక్కా పైనుంచే ఒకసారి తడుముకున్నాడు. దానికి ఇంక రెండు రోజులే ఉంది.

"అవును గానీ," అన్నాడు ముద్ద కలుపుతూ, "నాకైనా చెప్పవా?"

నవ్వుతూనే అడిగాడు. కానీ ముద్ద నోట్లో పెట్టుకోకుండా, జవాబు కోసం ఆగాడు.