ఊపిరి తీసే పని

నీళ్లతో చల్లబడే కంప్యూటర్లలో గొట్టాల్లోకి గాలి చేరితే నీళ్లు సరిగ్గా తిరగవు, పెట్టె వేడెక్కి ఆగిపోతుంది. ఆ గాలిని బయటికి పంపే పనికి నా దుకాణంలో నేను పెట్టుకున్న పేరు ‘ఊపిరి తీయడం’. "ఇవాళ ఎన్నింటి ఊపిరి తీశావోయ్?" అని బావ ఫోన్ చేసి మరీ అడిగి, పడీ పడీ నవ్వేవాడు. నవ్వితే ఆయనకి ఆయాసం వచ్చేది. పోయిన వానాకాలం ఆ ఆయాసంతోనే, తను స్వయంగా బిగించుకున్న కంప్యూటర్ ముందు, కుర్చీలోనే పోయాడు.

మొన్నొక సాయంత్రం అక్క ఆ కంప్యూటర్‌నే ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది.

"పాపకి చెప్పిన కథలన్నీ ఇందులో రికార్డు చేశారురా. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. కాపీ చేద్దామంటే సగంలో వేడెక్కి ఆగిపోతోంది."

"ఇదెంత పనక్కా, నువ్వు కూర్చో" అన్నాను.

డిస్క్ విప్పి నా కంప్యూటర్‌కి తగిలించి చూశాను. బావ తాళం వేశాడు, ఆ పెట్టెలో తప్ప తెరుచుకోదు. సరే, వేడి సంగతే చూద్దామనుకున్నాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. దుమ్ము ఊదాను. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది రాశాను. వేలు ఆనిస్తే నీళ్లు తిప్పే పంపు సన్నగా వణుకుతోంది, అదీ బాగానే ఉంది. అయినా వేడి తగ్గలేదు.

పెట్టెకి చెవి ఆనించాను.

గుడగుడ... ఆగి... గుడగుడ.

గొట్టంలో ఒక గాలి బుడగ. పైకి వెళ్లింది. ఆగింది. వెనక్కి వచ్చింది. నీళ్లు ఒకవైపే పారతాయి. బుడగ వెనక్కి రాకూడదు.

"స్విచ్ తీసేసినా ఇలాగే అంటుందిరా..." అక్క గొంతు తగ్గించి అంది. "మెల్లగా చెయ్యి. ఆయాసపడుతోంది."

పాపం, పిచ్చిది, అనుకున్నాను. పెట్టెని ఒరగేసి, నీళ్ల డబ్బా అన్నిటికన్నా పైకి వచ్చి, బుడగ అందులోకి ఎక్కేలా పట్టుకున్నాను. బుడగ వంపు దగ్గర పట్టుకుని ఉండిపోయింది. వేలితో కొట్టాను. కదల్లేదు. గట్టిగా కొట్టాను. వదిలేసింది.

డబ్బాలో నీళ్లు ఎంతున్నాయో చూద్దామని మొహం దగ్గరగా పెట్టి మూత తిప్పాను.

హుఁ...

మొహానికి వెచ్చగా తగిలింది. బావ పీల్చే మందు వాసన. నేను వెనక్కి తగ్గేలోపే ముక్కులోకి పోయింది. దగ్గు రాలేదు. తుమ్ము రాలేదు. లోపలే ఉండిపోయింది...

వేడి చకచకా దిగిపోయింది. ఫైళ్లన్నీ కాపీ అయ్యాయి. ఎందుకో నాకు నోరు విప్పాలనిపించలేదు. చేత్తోనే అయిపోయిందని చూపించి, మొదటి కథ పెట్టాను.

పేజీ తిప్పిన చప్పుడు. చాలాసేపు ఏమీ లేదు. పాప నవ్వు. మళ్లీ ఏమీ లేదు.

"తర్వాతేమైంది నాన్నా?"

ఏమీ లేదు.

రెండోది పెట్టాను. బావ డిస్క్‌లోవే నేరుగా పెట్టాను. అన్నిట్లోనూ పాప అడుగుతూనే ఉంది. చెప్పేవాడే లేడు.

"పొద్దున కూడా విన్నానురా... పొద్దున కూడా ఉందిరా..." అంటూ అక్క బల్ల మీద తల వాల్చేసింది. నాకు చచ్చిపోవాలనిపించింది. ఏ పేరు పెట్టి నవ్వుకున్నానో అదే పని చేశాను.

ఆమె ఫోన్ మోగింది. పాప. అక్క తీయలేదు. నేనే తీశాను.

"ఏంటమ్మా?" అన్నాను.

అవతలి నుంచి మెల్లగా...

"నాన్నా?"

అక్క తలెత్తింది. ఊహ తెలిసినప్పటి నుంచి నన్ను ‘ఒరేయ్’ తప్ప మరోలా పిలవని మా అక్క, నా మొహం కేసి కాదు, గుండెల కేసి చూస్తోంది.

"ఇంకోసారి... అనండి" అంది.

నోరు తెరిచాను. లోపల ఎక్కడో... గుడగుడ... ఆగి... గుడగుడ.

ఫోన్‌లో పాప అడుగుతూనే ఉంది.

"తర్వాతేమైంది నాన్నా?"