వెళ్తున్నానన్న నది

మువ్వలదేశపు నదికి ఒకరోజు ఒళ్లు మండింది. అందరూ తనలో చెత్త పారేసేవారే గాని, పలకరించేవారే లేరు. పొద్దున్నే కోట ముందు ఆగి, "వెళ్తున్నాను" అంది. రాజుగారి నోట్లో తాంబూలం ఉంది. తలూపి ఊరుకున్నారు. నది మళ్లీ రాలేదు. కరువు ఎంత ముదిరిందంటే, చేపలు చెట్లెక్కాయి. కప్పలు పొరుగుదేశానికి కాపురాలు మార్చేశాయి. ఏడ్చేవాళ్లు కన్నీళ్లు వృథా పోకుండా చెంబుల్లో పట్టుకునేవారు.

నదిని పిలిచే విద్య కొండ మీది విద్యాపీఠంలోనే నేర్పుతారు. కట్టెలు కొట్టే అప్పన్న కూతురు గవిరి దానికోసం బయల్దేరింది. అక్కడ ఏడాదిగా చదువుతున్న చిన్ననాటి నేస్తం పైడి ఉందనే ఆమె ధైర్యం.

గుమ్మంలో గడపాసురుడు అడ్డుపడ్డాడు. వాడి మీసం మీద మేకలు మేస్తున్నాయి.

"కొత్త పిల్లవా? ఇంటి మీద బెంగ ఉందా?"

"నేదు," అని గవిరి భోరుమంది.

"ఉందన్నమాట. పద. అది లేనివాళ్లకి తిరుగుదారి గుర్తుండదు."

లోపల బతుకు అంత సులువుగా లేదు. గదిలో తోడున్న దెయ్యం గురక పెడితే పైకప్పు లేచి పడేది. భోజనశాలలో సొరకాయ కూర తాతల కాలంలో వండింది, ఇంకా అయిపోలేదు. మంత్రశాలకు దారి అడిగితే పెద్ద తరగతుల నెమళ్లు ఆవుల కొట్టానికి పంపేవి. పాపం ఆవులే రోజూ గవిరికి హాజరు వేసేవి.

"బెదరకే, నానున్నాను గదే!" అనేది పైడి, తన పచ్చడిలో సగం పెడుతూ.

ఒకనాడు గురువుగారు కళ్లు తెరిచారు. ఆయన గడ్డంలో పిచ్చుకలు మనవరాళ్ల పెళ్లిళ్లు చేస్తున్నాయి.

"నది ఈ కొండ వెనక గుహలో దాక్కుంది. గవిరీ, నువ్వు వెళ్లమ్మా."

ఆ మాట కోసం ఏడాదికి పైగా కాచుకున్న పైడి మొహం సొరకాయ కూరలా అయింది. మరుక్షణమే నవ్వింది.

"ఓలే, గుహ గుమ్మంలో 'ఎల్లొస్తాను' అనకే. పల్లెటూరిదని నవ్వుతారు. 'వెళ్తున్నాను' అనాల."

గవిరి నమ్మింది. సాగనంపడానికి పైడి గుహ దాకా వచ్చింది. గుహకు కాపలా ఉన్న గడపాసురుడి తమ్ముడితో అలాగే అంది. వెనకాలే బండ మూసుకుంది.

"తెరు బాబూ!"

"వెళ్లొస్తానన్నవాళ్లకే తెరుస్తాను. వెళ్తున్నానన్నవాళ్లు వెళ్లినట్టే."

"పైడీ! నువ్వైనా సెప్పవే!"

బయట కాలిపట్టీల చప్పుడు మెల్లగా దూరమైంది. ఆ పట్టీలు గవిరికి తెలుసు. జాతరలో ఇద్దరూ ఒకే రకం కొనుక్కున్నారు. ఆమె కాళ్లకీ అవే ఉన్నాయి.

చీకట్లో ఎవరో ముక్కు చీదారు. నది!

"నీకూ ఎవరూ 'వెళ్లి రా' అనలేదా?" అంది నది. "ఒక్కరైనా అంటారని ఎంతసేపు ఆగానో!"

గవిరికి అప్పుడర్థమైంది. కళ్లు తుడుచుకుని చేతులు జోడించింది.

"తల్లీ, ఎప్పుడో అనాల్సిన మాట. ఎల్లి రా!"

రా అన్నాక రాకపోతే మర్యాదా? నది ఒక్క ఉరుకుతో బండను బద్దలు కొట్టి, గవిరిని ఎత్తుకుని మువ్వలదేశం చేరింది. దారిలో గడపాసురుడి తమ్ముడు పుట్టాక మొదటిసారి స్నానం చేశాడు. రాజుగారు సంతోషం పట్టలేక తన కిరీటం గవిరికి పెట్టేసి, అప్పటికిగాని తాంబూలం ఉమ్మలేదు.

రాణి అయినా చదువు చదువే. గవిరి కొండకు బయల్దేరితే దేశమంతా గట్టున నిలబడి "వెళ్లి రా!" అంది.

విద్యాపీఠం గుమ్మంలో పైడి నిలబడి ఉంది. "తప్పయిపోనాదే. ఒక్క మాటాడవే!"

గవిరి మాట ఆడలేదు. ఆ ఏడాదంతా ఆడలేదు. పచ్చడి ముట్టలేదు. సెలవులిచ్చిన రోజు మూట భుజానికెత్తుకుని, గుమ్మంలో ఆగి, మొదటిసారి పైడి కళ్లలోకి చూసింది.

"ఎల్..."

గడపాసురుడి మీసం మీది మేకలు మేత ఆపేశాయి.

"...లొస్తానే," అంది గవిరి.

"ఎల్లి రాయే!" అని పైడి కొండ అదిరేలా అరిచింది. గడపాసురుడు తలుపు మూయబోయి, ఎందుకో తెరిచే ఉంచాడు.