ముట్టని కాఫీ

"ఈసారి మీకు పిస్తోలు ఇవ్వడం లేదు, అబూ సఖర్," అన్నాడు కర్నల్ హాబిస్. "స్టాల్ ఇస్తున్నాం. మూడు మీటర్లకి మూడు మీటర్లు."

మిత్కాల్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన అసలు పేరు మిత్కాలే గానీ, పెద్దకొడుకు సఖర్ పుట్టినప్పటి నుంచి ఇంటా బయటా అందరూ అబూ సఖర్ అనే పిలుస్తారు. బీరూట్‌లో బిచ్చగాడిగా, ఇస్తాంబుల్‌లో తివాచీల దళారీగా, ఒకసారైతే నైలు పడవలో మాంత్రికుడిగా కూడా పనిచేసిన సీక్రెట్ ఏజెంట్ ఆయన. వేషాలు వేసీ వేసీ విసుగెత్తిపోయాడు. ఇప్పుడు మోకాళ్లు మాట వినవు. ఎవరైనా "మిషన్" అంటే ముందు ఆవులింత వస్తుంది.

"ఏం అమ్మాలి సార్?"

"నీటి పంపులు."

"మన దగ్గర పంపులున్నాయా?"

"ఒకటుంది. అది తిరగదు. మన కంపెనీ కాగితాల మీద నిన్ననే పుట్టింది. అమ్మాన్ వాటర్ ఎగ్జిబిషన్‌లో దానికిది తొలి స్టాల్."

కర్నల్ లైట్లు ఆర్పి గోడమీద బొమ్మలు వేశాడు. స్కార్పియన్ రింగ్. విదేశీ ముఠా. మనుషుల్ని కొంటుంది, పనికిరాకపోతే మాయం చేస్తుంది.

"వాళ్ల మనిషి ఒకడు మన వైపు వచ్చేస్తానంటున్నాడు. మన ఎడారి బిడ్డే, కుర్రతనంలో దేశం వదిలాడు. ముఖం మనకి తెలీదు. కోడ్ నేమ్, అతిథి. ఓ విదేశీ బృందంతో ఎగ్జిబిషన్‌కి వస్తాడు. మీ స్టాల్‌లో కూర్చుంటాడు. మీరు కాఫీ ఇస్తారు. ముట్టకుండా కింద పెడతాడు."

"నేను 'నీ కాఫీ తాగు, నువ్వు కోరింది అయినట్టే' అనాలి."

"అంతే. తర్వాత కోడ్. 'ఈ పంపు ఎంత లోతు నుంచి తోడుతుంది?' అంటాడు. మీరు 'దాహం ఎంతుంటే అంత' అనాలి."

పంపు కొనేవాడు ఎవడైనా మొట్టమొదట అడిగేది లోతే కదా అని మిత్కాల్‌కి తోచింది. చెబితే ఇంకో మీటింగు పెడతారు. ఊరుకున్నాడు.

"బృందంలో ఎవడో ద్రోహం చేస్తున్నాడని ముఠాకి వాసన తగిలింది. ఎవడో తెలీదు. సాయంత్రం అందర్నీ విమానం ఎక్కించేస్తారు. ఎక్కితే అతిథి బతకడు."

"ఇదే ఆఖరిది కదా సార్? తర్వాత రిటైర్‌మెంటు?"

"ఇదే ఆఖరిది," అన్నాడు కర్నల్, కళ్లలోకి చూడకుండా.

మిత్కాల్ లేచాడు. ఉద్యోగం సంగతి ఎలా ఉన్నా, ఆయన పుట్టిన తెగలో ఒక పట్టింపుంది. ఇంటికొచ్చినవాడు కప్పు ముట్టకుండా పెడితే ఏదో కోరడానికి వచ్చినట్టు. కప్పు ముట్టకుండా పెట్టినవాడికి మాట ఇస్తే, ప్రాణం పోయినా నిలబెట్టాలి. ముఖం తెలియని ఆ మనిషి ఆ పట్టింపును నమ్ముకునే వస్తున్నాడు. తలుచుకుంటే భయంగానే ఉంది.

స్టాల్ డిజైన్ పని జుమానాకి అప్పగించారు. డిపార్ట్‌మెంట్‌లో అంత అందగత్తె లేదు. జెనీవాలో పెరిగింది, ఐదు భాషలు వచ్చు. ఆమె లిప్‌స్టిక్‌లో కెమెరా, గాజులో ట్రాన్స్‌మిటర్.

"బాబాయ్, కార్పెట్ ఏ రంగు? నీలమా, బూడిదా?"

"నీ ఇష్టం తల్లీ."

"బ్యానర్ మీద నినాదం?"

"నువ్వే రాయి."

"కరెంటు పాయింటు ఎడమవైపు ఇచ్చారు. మన టీవీ కుడివైపు."

"టీవీ తిప్పు."

గూఢచర్యంలో జుట్టు నెరిసినా ఇంత చిరాకు పని మిత్కాల్ ఎరగడు. బ్రోచర్లు, బ్యాడ్జీలు, స్పాట్ లైట్లు, పక్క స్టాల్‌ వాడి గోడ మన గోడకి తగలకూడదట! ఆఖరికి జుమానా ఎక్కడ వేలు పెడితే అక్కడ సంతకం గీసేశాడు. ఏం గీశాడో ఎగ్జిబిషన్ ఉదయం తెలిసింది.

స్టాల్ తళతళలాడుతోంది. మధ్యలో తిరగని పంపు పెళ్లికొడుకులా మెరుస్తోంది. యాలకుల కాఫీ కూజా, చిన్న కప్పులు ఉండాల్సిన బల్లమీద మాత్రం ఒక నల్లటి కాఫీ మెషిన్ ఉంది. పక్కన పేపర్ కప్పులు.

"ఇదేంటమ్మాయ్?"

"మోడర్న్ లుక్ బాబాయ్. మీరే కదా సంతకం పెట్టారు!"

తలుపులు తెరిచారు, జనం వచ్చారు. మెషిన్ బుస్సుమని ప్రతి కప్పునీ అంచుదాకా నింపింది. పక్క స్టాల్‌లో ఎరువులు పెట్టుకున్న ఫుహైద్ అనే మఫ్రక్ ఊరాయన తల దూర్చి చూసి పగలబడి నవ్వాడు.

"ఏమయ్యా అబూ సఖర్, వచ్చినవాళ్లకి నిండు కప్పు పోసి తరిమేస్తున్నావా?"

"మెషిన్‌కి మర్యాద ఎవడు నేర్పాడు అన్నా," అన్నాడు మిత్కాల్ దిగాలుగా.

ఇర్బిద్ రైతు ఒకడు ఓ గుటక కోసం కప్పు ఎత్తి, వాసన చూసి, కింద పెట్టేశాడు. ఇతనే అతిథి అనుకున్నాడు మిత్కాల్.

"నీ కాఫీ తాగు. నువ్వు కోరింది అయినట్టే!"

రైతు కళ్లు మెరిశాయి. "నిజంగానా? దేవుడు నిన్ను చల్లగా చూడాలి! ఇంతకీ ఈ పంపు ఎంత లోతు నుంచి తోడుతుంది?"

"దాహం ఎంతుంటే అంత."

"మా బావి చాలా లోతు. మా ఊరందరికీ పంపులు కావాలి, పంటకోతలకి ముందే పంపించాలి. మాటిచ్చావు!"

తర్వాత కరక్ కాంట్రాక్టరు కప్పు పెట్టాడు. ఏజెన్సీ కావాలన్నాడు. ఆపైన ఒక ముసలాయన కప్పు పెట్టి, మేనల్లుడికి ఉద్యోగం అడిగాడు. ఆ కాఫీ తాగినవాడే లేడు. ముట్టని కప్పులు బల్లంతా నిండిపోయాయి, ఇచ్చిన మాటలు పెరిగిపోయాయి. మధ్యాహ్నానికి మిత్కాల్ నోరు ఎండిపోయింది. బూడిదరంగు సూటు వేసుకున్న సన్నటి మనిషి ఒకడు, మెడలో ఏదో విదేశీ పేరున్న బ్యాడ్జీతో వచ్చి కూర్చుని, కప్పు కింద పెట్టి ఎదురుచూశాడు. మిత్కాల్ ఏమీ అనలేదు. ఓపిక అయిపోయింది. ఆ మనిషి కాసేపు ఆయన ముఖంలోకి చూసి, లేచి వెళ్లిపోయాడు.

అతను జనంలో కలిసిపోయాక మిత్కాల్‌కి తట్టింది. అతనే అయితే? పరిగెత్తి చూశాడు. అన్నీ సూట్లే, అన్నీ బ్యాడ్జీలే. వెనక్కి వచ్చి, మెషిన్ ప్లగ్గు పీకేశాడు.

"అయ్యో బాబాయ్, ఏం చేస్తున్నారు?" జుమానా గొంతులో కంగారు.

"ఇల్లు సర్దుకుంటున్నా. ఫుహైద్ అన్నా, నీ కూజా ఓసారి ఇస్తావా?"

"కూజా ఏంటి, స్టాలే తీసుకో!" ఫుహైద్ నిప్పుల మీద ఉన్న ఇత్తడి కూజాని, చిన్న కప్పుల్ని తెచ్చిచ్చాడు.

యాలకుల వాసన ఆ వరసంతా పాకింది. అంతలోనే ఒకడు దర్జాగా వచ్చి కూర్చున్నాడు. తలకి ఎర్రగళ్ల గుడ్డ, ఇస్త్రీ మడత చెక్కుచెదరలేదు. జేబులో బంగారు పెన్ను. మిత్కాల్ అడుగు తడిసేంత పోసిచ్చాడు. అతను ముట్టకుండా కింద పెట్టి చిరునవ్వు నవ్వాడు.

"ఈ పంపు ఎంత లోతు నుంచి తోడుతుంది?"

జుమానా చెవి దగ్గరికి వంగింది. "బాబాయ్, ఇతనే! కారు వెనక గేటు దగ్గరుంది. మీరే స్వయంగా తీసుకెళ్లండి, స్టాల్ నేను చూసుకుంటా."

అంతా ఫైల్లో ఉన్నట్టే ఉంది, అక్షరం పొల్లు పోకుండా. అదే మిత్కాల్‌కి నచ్చలేదు. ప్రాణం అరచేతిలో పెట్టుకుని వచ్చినవాడు ఇంత తీరిగ్గా నవ్వుతాడా? అయినా తొందరపడి తప్పు చేస్తే? ఇతను నిజంగా అతిథి అయితే?

"ముందు ఇది తాగండి," అని మిత్కాల్ ఇంకో కప్పు తీసుకున్నాడు. కూజా వంచి అంచుదాకా, పొర్లిపోయేంత నింపి చేతికిచ్చాడు.

పక్క స్టాల్‌లో ఫుహైద్ నోరు తెరిచాడు. ఎడారి ఇళ్లలో ఆ నిండు కప్పుకి ఒకటే అర్థం: తాగి లేచి పో, మళ్లీ ఈ గడప తొక్కకు. దానికి కత్తులు దూసుకున్న కుటుంబాలున్నాయి.

పెద్దమనిషి రెండు గుటకల్లో తాగేశాడు. "ఎంత ఉదారంగా పోశారు అబూ సఖర్! ఇంకోటి పొయ్యండి!"

జుమానా కూడా నవ్వింది. ముట్టని కప్పు గురించి ఫైల్లో రాశారు కాబట్టి ఆమెకి తెలుసు. నిండు కప్పు గురించి ఎవరూ రాయలేదు, అందరికీ తెలిసిందే కదా అని.

సరిగ్గా అప్పుడు దారిలోంచి ఒక గొంతు పేలింది. "సిగ్గు లేదుటయ్యా నీకు? ఇంటికొచ్చినవాడికి నిండు కప్పు పోస్తావా? ఏ తెగవాడివి నువ్వు?"

బూడిదరంగు సూటు. విదేశీ బృందం ఎయిర్‌పోర్టు బస్సుకి బయల్దేరింది. అతని రెండు పక్కలా ఇద్దరు కండలవాళ్లు నడుస్తున్నారు. దాక్కోవాల్సిన మనిషి, పరాయివాడికి జరిగిన అవమానం చూడలేక ఆగిపోయాడు. అన్నేళ్లు ఎక్కడెక్కడో బతికినా, ఆ కప్పు కనబడగానే ఒళ్లు మండింది.

మిత్కాల్‌తో పాటు జుమానాకీ అర్థమైంది. "వాడే!" అని అరిచింది. ఎర్రగళ్లవాడు జేబులోంచి బంగారు పెన్ను లాగాడు. చివర సన్నటి సూది బయటికొచ్చింది. ఒక్క అంగలో అతిథి మెడ దాకా వెళ్లాడు.

మిత్కాల్ మోకాళ్లు ఆ ఒక్కసారికి మాట విన్నాయి. కూజాలోని మరిగే కాఫీ ఆ చేతిమీద పడింది. కేక. సూది కార్పెట్‌లో దిగింది. ఉదయం నుంచి కార్పెట్ అంచులు అతికిస్తున్నట్టు నటిస్తున్న కర్నల్ మనుషులు లేచి కండలవాళ్ల మీద పడ్డారు. మరొకడు జుమానా గాజు మీద బేడీ తగిలించాడు. కోడ్ ముఠాకి చేరవేసి, నకిలీ అతిథిని రప్పించింది ఆమే.

"ఒక్క కప్పు బాబాయ్," అంది జుమానా, ఇంకా నమ్మలేనట్టు. "ఒక్క కప్పు ఎక్కువ పోస్తే ఇంత గొడవా?"

"జెనీవాలో చెప్పి ఉండరు తల్లీ," అన్నాడు మిత్కాల్. ఆమె మీద కోపం కూడా రాలేదు. అంత అలిసిపోయాడు.

అతిథిని కూర్చోబెట్టాడు. కూజాలో అడుగున కాస్త మిగిలి ఉంది, సరిగ్గా కప్పు అడుగు తడిసేంత. అతను అందుకుని, ముట్టకుండా కింద పెట్టాడు.

"ఇందాక కూడా పెట్టాను," అన్నాడు నెమ్మదిగా. "నువ్వు పలకలేదు. నన్ను అమ్మేశావనుకున్నా."

"తప్పు నాదే. విసిగిపోయి ఉన్నా," అన్నాడు మిత్కాల్. "నీ కాఫీ తాగు తమ్ముడూ. నువ్వు కోరింది అయినట్టే."

అతను తాగాడు. చాలన్నట్టు కప్పు అటూ ఇటూ ఊపి తిరిగిచ్చాడు. అప్పుడు ఏడ్చాడు.

కొన్నాళ్లకి మిత్కాల్ కర్నల్ గదికి వెళ్లాడు. కర్నల్ బల్లనిండా ఇర్బిద్ నుంచి, కరక్ నుంచి వచ్చిన ఉత్తరాలు.

"ఎంతమందికి మాటిచ్చారండీ మీరు? డిపార్ట్‌మెంట్ ఇప్పుడు పంపులు తయారుచేయాలా?"

"కప్పులు పెట్టారు సార్. ఇవ్వక తప్పుతుందా?"

జవాను వచ్చి కాఫీ ఇచ్చాడు. మిత్కాల్ దాన్ని ముట్టకుండా, మెల్లగా, కర్నల్ ఎదురుగా కింద పెట్టాడు. "నా రిటైర్‌మెంటు సంగతి సార్."

కర్నల్ హాబిస్ ఆ కప్పు వైపు చూశాడు. తర్వాత గది మూలకి చెయ్యి చూపించాడు. అక్కడ ఎగ్జిబిషన్‌లోని నల్లటి మెషిన్ బుస్సుమంటోంది.

"అది పేపర్ కప్పు, అబూ సఖర్. దానికి ఆ పట్టింపు లేదు. వెళ్లి పంపులు పంపించండి."