కాలరు మీద లేని తెల్లమరక

హేమశ్రీ శవం పడకగదిలో నేల మీద పడి ఉంది. వయసు ఇరవై ఆరు. ముక్కుకి అటూ ఇటూ బుగ్గల మీద ఎర్రగా కమిలిన దద్దుర్లు. ఒంటి మీద నిన్నటి నల్ల టీషర్టు. దాని మీద భర్త మునిశేఖర్ నడిపే క్రీముల కంపెనీ పేరు.

"ఆ అత్తే నా బిడ్డకి విషం పెట్టింది మేడమ్!"

పాకాల నుంచి పరుగున వచ్చిన తండ్రి ఎల్లప్ప గుండెలు బాదుకుంటున్నాడు. అత్త పంకజాక్షి గోడకి ఆనుకుని కూర్చుంది.

ఇన్‌స్పెక్టర్ నారాయణి వంగి, టీషర్టు కాలరు మీద టార్చి వేసింది. చెమట చార తప్ప ఏమీ లేదు.

మర్నాడు పోస్ట్‌మార్టం అయింది. విషం జాడ కనిపించలేదు. కిడ్నీలు దెబ్బతిన్నాయి. మెదడు వాచింది.

హేమశ్రీకి వైద్యం చేసిన డాక్టర్ కుముదవల్లి ఫోన్లో చెప్పింది.

"ఆమెకి లూపస్. ఒంటిలోని రక్షణశక్తే ఒంటిని దెబ్బతీసే జబ్బు. ఎండ తగిలితే జబ్బు తిరగబెడుతుంది. ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. బయటికి వెళ్లొద్దన్నాను. తప్పనిసరైతే నిండుగా బట్టలు, టోపీ, జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్."

"జింకే ఎందుకు?"

"చర్మాన్ని కాల్చే ఎండకిరణాలు, యూవీఏ, యూవీబీ, రెండింటినీ ఆపుతుంది. ఆమె చర్మానికి పడింది కూడా అదే."

నారాయణి నేరుగా మునిశేఖర్ షాపుకి వెళ్లింది. ఎల్లప్పనీ, పంకజాక్షినీ అక్కడికే పిలిపించింది.

"మీ భార్య ఏ క్రీమ్ రాసుకునేది?"

"డాక్టరమ్మ రాసిచ్చిందే మేడమ్." మునిశేఖర్ సొరుగులోంచి ట్యూబు తీశాడు. దాదాపు ఖాళీ.

"మొన్న, చనిపోయే ముందు రోజు?"

"పొద్దున్నే రాసుకునింది. నేనే గుర్తు చేసినాను."

నారాయణి ఆ ట్యూబు నొక్కి తన మెడకి రాసుకుంది. బాగా రుద్దింది. అరలోంచి కొత్త నల్ల టీషర్టు తీసి, కాలరుని మెడకి అదిమి చూపించింది. తెల్లటి చార.

"జింక్ తెల్లపొడి. చెమట పట్టిన మెడ నుంచి నల్లబట్టకి అంటక మానదు. హేమశ్రీ కాలరు మీద చుక్క కూడా లేదు. ఆమె రాసుకోకపోతే ఈ ట్యూబు ఎవరు పిండి పారేశారు?"

మునిశేఖర్ సొరుగు మూసేశాడు.

కానిస్టేబుల్ గ్రేసీ ఒక సీసా బల్ల మీద పెట్టింది. హేమశ్రీ సంచిలో దొరికింది. మునిశేఖర్ సొంత సరుకు, అతను తయారుచేసి అమ్మే సన్‌స్క్రీన్. మీద పెద్ద అక్షరాల్లో, ఎండని ఎంత ఆపుతుందో చెప్పే అంకె, 'ఎస్‌పీఎఫ్ 50'.

కౌంటర్ మీద దొంగనోట్లు పట్టే యూవీ లైటు ఉంది. నారాయణి దాని కింద ఒక నోటు పెట్టింది. నోటులోని దారం మెరిసింది. డాక్టరు క్రీమ్ పూసిన గాజుముక్క అడ్డం పెట్టింది. మెరుపు ఆరిపోయింది. సీసాలోది పూసిన గాజు పెట్టింది.

దారం ఎప్పట్లాగే మెరిసింది.

"ఇందులో ఏం పోశావు?"

"పారాఫిన్ నూనె... సెంటు."

"మరి ఈ యాభై?"

"అది ప్రింటే కదా మేడమ్."

పంకజాక్షి ఒక్కసారిగా లేచింది.

"ఇంకా దాస్తావేందిరా? అలిపిరి రోడ్డులో స్టాలు పెట్టి, గొడుగు కూడా తీసేస్తివే! 'సూడండి, నా పెండ్లాం ఎండలో నిలబడినా కందదు' అని జనాన్ని పిలిస్తివే! 'మంట పుడతా ఉండాది, డాక్టరు మందు ఇయ్యి' అని ఆ పిల్ల కాళ్లు పట్టుకుంటే, ఎవురన్నా సూస్తే నా సరుకు యాడ అమ్ముడుపోతాదని లాక్కొంటివే!"

ఎల్లప్ప ఆమె వైపు చూడలేక తల దించుకున్నాడు.

"చావాలని చెయ్యలేదు మేడమ్," మునిశేఖర్ గొణిగాడు. "దానికి జబ్బుండాది."

"జబ్బుందని తెలుసు. సీసాలో ఏమీ లేదని తెలుసు. ఆ రెండూ తెలిసి ఆమెని ఎండలో నిలబెట్టింది నువ్వు."

గ్రేసీ అతన్ని జీపు ఎక్కించింది. నేరపూరిత నరహత్య కేసు పెడుతోంది నారాయణి. రేపు కోర్టులో అతని లాయర్ జబ్బు అంటాడు, నిర్లక్ష్యం అంటాడు. కేసు ఎంతవరకు నిలుస్తుందో ఆమెకి తెలుసు.

మిట్టమధ్యాహ్నం మార్చురీ ముందు హేమశ్రీని వ్యాన్‌లోకి ఎక్కిస్తున్నారు. ఎల్లప్ప భుజం మీది తువ్వాలు తీసి, తెల్లగుడ్డ కప్పిన ముఖం మీద పరిచాడు.

"గుడ్డ కప్పినాము కదప్పా," అన్నాడు వార్డుబాయ్.

"అది పల్చగా ఉండాది అబ్బా," అన్నాడు ఎల్లప్ప. "నా బిడ్డకి ఎండ పడదు."