ముందు వరుస కుర్చీ

కెమిస్ట్ మెట్ల మీద జారిపడి చనిపోయాడని పొరుగు దేశపు పోలీసులు తేల్చేశారు. పెద్దాయనకు ఆ మాట మింగుడు పడలేదు.

"మెట్లకు రెండు పక్కలా రెయిలింగు ఉంది. పడ్డవాడి చేతులు రెండూ జేబుల్లో ఉన్నాయి," అన్నాడు ఫొటోను బల్ల మీదుగా తోస్తూ. "జారేవాడెవడైనా చేతులు జేబుల్లో పెట్టుకుని జారతాడా?"

బల్లకు ఇవతల కూర్చున్న ఏజెంటును డిపార్టుమెంటులో అందరూ గుమాస్తా అంటారు. చూసిన మరుక్షణం మర్చిపోయే ముఖం అతనిది. ఈ వృత్తిలో అంతకు మించిన ఆస్తి లేదు.

"మిషన్ ఏమిటి సార్?"

"వాళ్ల రాజధానిలో మనం కట్టించిన మంచినీళ్ల ప్లాంటు. ఎల్లుండి ప్రారంభం. వాళ్ల అధ్యక్షుడూ, మన రాయబారీ వేదిక మీద ఉంటారు. కెమిస్ట్ మన మనిషే. పోయేముందు రెండే రెండు మాటలు పంపాడు. క్లోరిన్ గది."

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నీళ్లలో కలపడానికి ఆ గదిలో క్లోరిన్ సిలిండర్లు పెడతారు. ఒక్కొక్కటి చిన్న కారంత ఉంటుంది. ఒకటి పగిలితే ఆ గాలి పైకి పోదు, నేలను పట్టుకుని పాకుతుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే పోతారు. ఆ మర్నాడు ఆ దేశంలో మన రోడ్లు, మన రేవు, మన కరెంటు లైన్లు అన్నీ గోవిందా. మన జాగాలోకి దూరడానికి ఇంకో దేశం గుమ్మం ముందు చెప్పులు విప్పుకుని సిద్ధంగా ఉంది. కెమిస్ట్‌ను చంపిన ముఠా వాళ్లదే."

"అక్కడి జనానికి మనమంటే ఇష్టమేనా సార్?"

"నీళ్లిస్తున్నాం కదయ్యా."

"అందుకే అడుగుతున్నాను."

పెద్దాయన డ్రాయరు లాగి ఒక స్టీలు ఫ్లాస్కు బయట పెట్టాడు. "పై సగంలో నిజంగా టీ పోసుకోవచ్చు. కింది సగంలో జామర్. మూత ఎడమకు తిప్పితే చుట్టుపక్కల ఏ రిమోటూ పనిచేయదు. నువ్వు శిలాఫలకం బిగించే కాంట్రాక్టరు మనిషివి. అక్కడ నీ కాంటాక్టు మన ఎంబసీ దుబాసీ. ఆవిడది ఆ దేశమే. 'టీ చల్లారిపోయిందా?' అని అడుగుతుంది. 'మూత బిగుసుకుపోయింది,' అని నువ్వనాలి."

గుమాస్తా ఫ్లాస్కు సంచిలో పెట్టుకున్నాడు. ఇంటికి వెళ్లి, దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని, రాళ్ల పని మీద ఊరెళుతున్నానని భార్యకు చెప్పాడు. ఆవిడ నమ్మినట్టు తలూపింది. ఆ ఇంట్లో అది అలవాటే.

ప్రారంభం నాటి ఉదయం క్లోరిన్ గది గోడకు డ్రిల్లింగ్ మిషన్ ఆనించాడో లేదో, లోపలి నుంచి ఒక ఆపరేటరు విసవిసా బయటికి వచ్చింది. ఖాకీ కోటు, మెడలో వేలాడుతున్న గ్యాస్ మాస్కు, పైకెత్తిన గడ్డం.

"ఏమయ్యా, నా గోడేనా దొరికింది నీకు?"

"ఇక్కడే పెట్టమన్నారమ్మా. ఫొటోలో పడాలట."

ఆమె ఫలకాన్ని పై నుంచి కింది దాకా చదివింది. పెద్ద దేశం పేరు అరచేతులంత అక్షరాల్లో ఉంది. చిన్న దేశం పేరు అడుగున చీమ తలకాయంత ఉంది.

"పెద్దన్నకు పేరు పిచ్చి బాగానే ఉందే. వాల్వులు కూడా మీవాళ్లే తిప్పుతామన్నారు. సమ్మె చేస్తామంటే దిగొచ్చారు. మా ఊరికి నీళ్లొదిలే చెయ్యి మాదై ఉండాలి. నీకు అర్థమవుతుందా?"

"అవుతుందమ్మా."

"అవదులే. నీ పని చూసుకో. దుమ్ము లోపలికొచ్చిందంటే ఆ రాయి నీ నెత్తిన పెడతాను."

గుమాస్తా దుమ్ము రేగకుండా మెల్లగా డ్రిల్లు చేశాడు. పొద్దున గేటు దగ్గర కాపలావాడు సంచి మూడుసార్లు విప్పించాడు. టీ కొట్టువాడు గ్లాసు ఇచ్చాడు కానీ చెంచా ఇవ్వలేదు. నీళ్లు తెచ్చినవాళ్లకు ఈ మర్యాద ఏమిటని అతను బాధపడలేదు. ఆ ఫలకంలో అక్షరాల సైజు చూసినప్పటి నుంచీ ఇచ్చేవాడి వైపే ఏదో తేడా ఉందనిపిస్తోంది.

షామియానా సరిగ్గా క్లోరిన్ గదికి ఎదురుగా వేశారు. అతను చెంపకు తగిలే గాలిని గమనించాడు. గది మీదుగా వచ్చి షామియానాలోకి పోతోంది.

"టీ చల్లారిపోయిందా?"

వెనక్కి తిరిగాడు. ముదురు నీలం కోటు, చెవులకు ముత్యాలు, నడిచి వెళుతుంటే సెక్యూరిటీవాళ్లు వైర్‌లెస్‌లో మాట మర్చిపోయేంత అందం. దుబాసీ.

"మూత బిగుసుకుపోయింది."

"మీకు అదృష్టం పట్టింది," అంది ఆమె నవ్వుతూ. "ముందు వరుసలో ఒక కుర్చీ ఖాళీ అయింది. ఫలకం బిగించినాయన కూడా వీఐపీయే అని చెప్పి మిమ్మల్ని కూర్చోబెడతాను."

"ఎవరిదా కుర్చీ?"

"విదేశీ కన్సల్టెంట్‌ది. ఆయనకు కుర్చీ వద్దట. ట్యాంకు మీద నిలబడి ఫొటోలు తీసుకుంటారట."

గుమాస్తా ఎన్నో ప్రారంభోత్సవాలు చూశాడు. ముందు వరుస కోసం వియ్యంకులు విడిపోవడం చూశాడు, కార్యదర్శులు కొట్టుకోవడం చూశాడు. పేరు రాసిపెట్టిన ముందు వరుస కుర్చీని ఎవడైనా వదులుకోవడం మాత్రం ఇదే మొదలు.

తలెత్తి చూశాడు. ఓవర్‌హెడ్ ట్యాంకు మీద తెల్లటోపీ, చేతిలో కెమెరా. నేలను పాకే గాలికి అందనంత ఎత్తు. పైగా గాలి వచ్చే వైపు.

"షామియానా ఇక్కడ వేయమన్నది ఎవరు?"

"నేనే. ఫొటోలో ఫలకం పడాలిగా."

"ఆ ఆలోచన మీదా, కన్సల్టెంట్‌దా?"

ఆమె నవ్వు ఆగిపోయింది. గుమాస్తా సంచిలోంచి ఫ్లాస్కు తీసి మూత ఎడమకు తిప్పాడు. వెలగాల్సిన దీపం వెలగలేదు. అడుగు నుంచి రెండు నీటి చుక్కలు కారాయి. రాత్రి దిగిన గెస్ట్ హౌస్‌లో ఏ పుణ్యాత్ముడో లోపలి దాకా శుభ్రంగా కడిగి పెట్టాడు. పగ వల్ల కడిగాడా, మర్యాదకు కడిగాడా దేవుడికే తెలియాలి.

"ఆయన మీకేం చెప్పాడు?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎవరు?"

"టైం లేదు దుబాసీ గారూ. ఆ కెమెరా కెమెరా కాదు, రిమోటు."

ఆమె వేదిక వెనక్కి నడిచింది. అతను వెంట వెళ్లాడు. అక్కడ ముత్యాలూ కోటూ అలాగే ఉన్నాయి కానీ గొంతు మారిపోయింది.

"సరే, వినండి. అధ్యక్షుడు కుళాయి తిప్పగానే బురదనీళ్లు వస్తాయి. అంతే. లోకమంతా చూస్తుంది, మీ పరువు పోతుంది. ఒక్కసారి పోతే ఏం? మీ ఇంజినీర్లు మావాళ్లను 'ఒరేయ్' అంటే నేను 'అయ్యా' అని మార్చి చెప్పాలి. మీ రాయబారి కాలు మీద కాలేసుకుని వాగినదాన్ని వినయంగా వినిపించాలి. మీ పొగరుకు ఇస్త్రీ చేసి చేసి నా చేతులు కాలిపోయాయి."

గుమాస్తా కాదనలేదు.

"బురదనీళ్లు కాదు. సిలిండరు పేలుతుంది. ఇక్కడున్నవాళ్లెవరూ మిగలరు, మీతో సహా. కెమిస్ట్‌ను చంపింది అందుకే."

"ఆయన జారిపడ్డాడు."

"అలా అనుకుంటే సుఖంగా ఉంటుంది."

"మీ మాట నేనెందుకు నమ్మాలి? మా అక్క ఆ గదిలోనే ఆపరేటరు. ప్రమాదం ఉంటే నేను..."

"మీ అక్క?"

"ఈ రోజుకు సెలవు పెట్టించాను. లోపల లేదు."

"బురదనీళ్లే అయితే సెలవెందుకు పెట్టించారు?"

ఆమె ఏదో అనబోతూ గడ్డం పైకెత్తింది. గుమాస్తా నెమ్మదిగా అన్నాడు. "పొద్దున ఆ గదిలోంచి ఒకావిడ వచ్చి, రాయి నా నెత్తిన పెడతానంది. నీళ్లొదిలే చెయ్యి మాదై ఉండాలంది. మాటకు ముందు గడ్డం పైకెత్తుతుంది, అచ్చం ఇప్పుడు మీరెత్తినట్టే."

దుబాసీ క్లోరిన్ గది వైపు ఒక అడుగు వేసింది. "సెలవు ఇచ్చినా తీసుకోలేదన్నమాట. మొండిఘటం. జనాన్ని లేపేద్దాం."

"ఒక్కడు లేచినా వాడు నొక్కేస్తాడు. మీ అక్క వైపు మీరు పరిగెత్తినా అంతే. వాణ్ణి కిందికి దించాలి. వాడి ఇష్టంతో కాదు, కాదనలేని పద్ధతిలో."

మైకులో ఆమె పేరు పిలిచారు. రాయబారి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"మా దేశం ఎల్లప్పుడూ పొరుగువారి దాహాన్ని తన దాహంగా భావించింది," అన్నాడు రాయబారి, ఛాతీ మీద చెయ్యి వేసుకుని.

దుబాసీ మైకు దగ్గరికి జరిగింది. తమ భాషలో, తేనె పూసిన గొంతుతో అనువదించింది. "ఈ ప్లాంటు కోసం ఎంతో శ్రమించిన కన్సల్టెంట్ గారు వినయంతో ట్యాంకు మీద నిలబడిపోయారు. ఆయన లేని ముందు వరుస మాకు చిన్నతనమని రాయబారి గారు అంటున్నారు. దయచేసి ఆయన్ని సగౌరవంగా తీసుకురండి."

అధ్యక్షుడు స్వయంగా చప్పట్లు కొట్టాడు. ఇంక జనం ఆగుతారా? తన మాటకే ఆ చప్పట్లనుకుని రాయబారి తల వంచి నమస్కరించాడు. ట్యాంకు మెట్ల దగ్గరున్న ప్రోటోకాల్ అధికారులిద్దరు పోటీపడి పైకెక్కారు. కన్సల్టెంట్ చేతులూపాడు, వద్దన్నాడు, ఎండ పడదన్నాడు. వాళ్లు వినలేదు. చెరో భుజమూ పట్టుకుని, కెమెరా బరువు మేము మోస్తామని లాక్కుని మరీ కిందికి తెచ్చారు. పేరు రాసిన కుర్చీలో కూలేశారు.

పక్కనే ఇంకో కుర్చీ వేయించుకుని గుమాస్తా అప్పటికే కూర్చుని ఉన్నాడు. అధికారి చేతిలోంచి కెమెరా అందుకుని తన సంచిలో పెట్టేసుకున్నాడు.

"రండి, రండి. మీ కోసమే చూస్తున్నాం."

కన్సల్టెంట్ కెమెరా వైపు చూడలేదు. చేతి గడియారం చూసుకున్నాడు. మెడ మీద చెమట కారుతోంది. గుమాస్తా అతని చెవి వైపు ఒరిగాడు.

"రిమోటుతో పాటు టైమరు కూడా పెట్టావన్నమాట."

"నాకు ఒంట్లో బాలేదు. లేవనీ."

"లేచి ఎటు పోతావు? ఈ జనాన్ని దాటేలోపు నీ గాలి నిన్ను దాటిపోతుంది." గుమాస్తా అతని మణికట్టు పట్టుకున్నాడు. "ఎక్కడ పెట్టావో చెబితే ఇద్దరం బతుకుతాం. చెప్పకపోతే ఇద్దరం ఇక్కడే కూర్చుందాం. నేను బయల్దేరేటప్పుడే దేవుడికి దణ్ణం పెట్టుకుని వచ్చాను. నీ సంగతి?"

కన్సల్టెంట్ మళ్లీ గడియారం చూసుకున్నాడు. "మూడో సిలిండరు వెనక. నల్ల డబ్బా. అయస్కాంతంతో అతుక్కుని ఉంటుంది. లాగితే వచ్చేస్తుంది. త్వరగా."

వెనక నిలబడ్డ అధికారులకు కన్సల్టెంట్ గారిని జాగ్రత్తగా చూసుకోమని చెప్పి, గుమాస్తా మైకు వైరు సర్దే నెపంతో వంగుతూ వేదిక దగ్గరికి వెళ్లాడు. దుబాసీ చెవిలో మాట వేశాడు.

"స్నేహం అనేది ఇరుగుపొరుగుల మధ్య ప్రవహించే నది," అంటున్నాడు రాయబారి.

దుబాసీ మైకు గట్టిగా పట్టుకుంది. లౌడ్ స్పీకర్లన్నీ ఇంట్లో మాట్లాడుకునే గొంతుతో మోగాయి.

"అక్కా, నేనే. మూడో సిలిండరు వెనక నల్ల డబ్బా ఒకటుంది. ఊడబీకి వెనక కిటికీలోంచి నీళ్ల తొట్టిలో పారెయ్. ఎందుకని అడక్కు. చిన్నప్పటి నుంచి నా మాట ఒక్కటీ వినలేదు, ఈ ఒక్కటి విను."

జనం గొల్లున నవ్వారు. రాయబారి తన ఉపమ బాగా పేలిందని చిరునవ్వు నవ్వాడు.

క్లోరిన్ గదిలో ఏదో లోహం కీచుమంది. తిట్టు ఒకటి వినిపించింది. కిటికీ రెక్క దబ్బున తెరుచుకుంది. గుమాస్తా కళ్లు మూసుకుని, స్వామీ, ఆవిడ చెయ్యి సాగనివ్వు అనుకున్నాడు.

గది వెనక భూమి అదిరింది. తొట్టిలో నీళ్లు ట్యాంకును మించి లేచి, ఎండలో రంగులు చిమ్మి, జల్లులా షామియానా మీద పడ్డాయి. అధ్యక్షుడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. జనమంతా లేచారు.

తడిసిన ఖాకీ కోటుతో అక్క గుమ్మంలోకి వచ్చింది. మాస్కు తీసి, చెల్లెలి వైపు వేలు చూపించింది. ఇంటికి రా, నీ పని చెబుతా అన్నట్టు.

గంట తర్వాత, కన్సల్టెంట్‌ను సగౌరవంగానే పోలీసు బండి ఎక్కించాక, దుబాసీ గుమాస్తా దగ్గరికి వచ్చింది. ముత్యాలు తీసి చేతిలో పట్టుకుంది.

"నా గురించి మీ రిపోర్టులో ఏం రాస్తారు?"

"కెమిస్ట్‌కు ఇద్దరు పిల్లలు," అన్నాడు గుమాస్తా. "నేనేం రాస్తే మీకు నిద్ర పడుతుంది?"

ఆమె ముత్యాలు కోటు జేబులో వేసుకుంది. "మా పోలీసులకు నేనే చెప్పుకుంటాను. మీవాళ్లకు కాదు. ఇంకో మాట. ఇదంతా మీ దేశం కోసం చేశానని ఎక్కడా రాయకండి."

"రాయను."

ఆమె పోలీసు అధికారి వైపు తలెత్తుకుని నడిచింది. గుమాస్తా ఆపలేదు. ఆమె చేసింది తప్పే. ఆమెను ఆ తప్పు దాకా నెట్టినవాళ్లు మాత్రం ఏ పోలీసు స్టేషనుకూ నడిచి వెళ్లరు. ఆ సంగతి రిపోర్టులో ఏ గడిలో రాయాలో అతనికి తెలియలేదు.

సాయంత్రం పెద్దాయన ఫోన్ చేశాడు. గొంతులో సంతోషమూ లేదు, కోపమూ లేదు. పైవాళ్లతో మాట్లాడి వచ్చిన గొంతు.

"గుమాస్తా, వాళ్ల ప్రభుత్వం నుంచి ఇప్పుడే ఫోన్ వచ్చింది. ఆ ఫౌంటెన్ వాళ్ల అధ్యక్షుడికి తెగ నచ్చిందట."

"ఆయనకు నిజం చెప్పలేదా సార్?"

"చెబుదామనే అనుకున్నాం. ఇంతలో వచ్చే ఏడు కట్టే రెండో ప్లాంటులో కూడా అలాంటిదే పెట్టాలని అడిగేశారు. మన రాయబారి ఒప్పేసుకున్నాడు. ఇదివరకటి కంటే ఇంకాస్త ఎత్తు లేస్తుందని మాట కూడా ఇచ్చాడు."